కౌన్సెలర్ "ఆ బాధకి చోటివ్వండి" అంటే సర్దుకుపొమ్మనేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ఇప్పుడే ఇటొచ్చినవాళ్ల కోసం ముందు సంగతేంటో చెప్పేస్తా. ఈవిడకి పెళ్లయి ఏడేళ్లు, ఇద్దరూ ఉద్యోగాలే, ఒక పాప. గొడవైతే ఆయన మూడేసి రోజులు మాట్లాడరు, అన్నం తింటారు, పాపని స్కూల్లో దింపుతారు, పాలవాడితో కూడా మాట్లాడతారు, ఈవిడతో మాత్రం మాటుండదు. ఈవిడ వెంటపడి అడుగుతారు, మెసేజ్ మీద మెసేజ్ పెడతారు, ఆయన ఇంకా ముడుచుకుపోతారు. చివరికి ఈవిడ ఒక్కరే ఒక కౌన్సెలర్ దగ్గరికెళ్లారు. మొదటి సెషన్లో ఆవిడ "ఆ బాధని తోసెయ్యకండి, దానికి కాస్త చోటివ్వండి" అన్నారట. రెండో సెషన్లో "రాత్రికి రాత్రి ఒక అద్భుతం జరిగి ఈ సమస్య పోయిందనుకోండి, పొద్దున లేవగానే మీకెలా తెలుస్తుంది" అని అడిగారట. దాంతో ఈవిడకి ఒళ్లు మండింది. మా అమ్మ ఏడేళ్లుగా ఫ్రీగా చెప్తున్న "సర్దుకుపో తల్లీ"కి, డబ్బులు తీసుకుని చెప్పే దీనికి తేడా ఏంటి, అద్భుతాల గురించి మాట్లాడుకోడానికి నేను ఆఫీసుకి హాఫ్ డే లీవ్ పెట్టాలా అని అడుగుతున్నారు.

న్యాయమైన కోపమే. నేను విజయవాడలో పదహారేళ్లుగా ఈ పనే చేస్తున్నా, ఎక్కువగా భార్యాభర్తల కేసులే, ఈ ప్రశ్న నన్ను మొహం మీదే అడిగినవాళ్లు ఉన్నారు, అడక్కుండా మానేసి వెళ్లిపోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. మీ కౌన్సెలర్ చేసింది తప్పు కాదు గానీ రెండు వేరువేరు పద్ధతుల్లోంచి రెండు ముక్కలు తీసి, ఏది ఎందుకో చెప్పకుండా మీ చేతిలో పెట్టినట్టుంది. మనింట్లో పుట్టిపెరిగిన ఏ ఆడపిల్లకైనా "చోటివ్వండి" అంటే "నోర్మూసుకోండి" అనే వినిపిస్తుంది, అది మీ తప్పు కాదు.

అసలు తేడా ఇదీ. సర్దుకుపోవడం అంటే ఎదుటి మనిషి చేసే పనిని ఒప్పుకుని, మీకు అనిపించేదాన్ని లోపలికి నొక్కెయ్యడం. "చోటివ్వండి" అనే మాట వెనకాల ఉన్న థెరపీ చెప్పేది సరిగ్గా దీనికి తిరగేసి. మీకు అనిపించేదాన్ని నొక్కకుండా ఉండనివ్వండి, ఆ తర్వాత ఎదుటి మనిషి చేసేదాని గురించి ఏం చెయ్యాలో మీరు ఎంచుకోండి. చోటివ్వాల్సింది ఆయన మౌనానికి కాదు, ఆ మౌనం మొదలవగానే మీ గుండెల్లో పుట్టే మంటకి. సర్దుకుపోయేవాళ్లు అసలు బాధపడకూడదు, పడినా కనిపించకూడదు, చుట్టాలొస్తే నవ్వుతూ కాఫీ ఇవ్వాలి. ఇక్కడ బాధపడొచ్చు, పూర్తిగా.

మీరు రాసిన ఒక లైన్ దగ్గర నేను ఆగిపోయా. "తొమ్మిదిన్నరకి ఆయన ఫోన్ తీసుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేస్తే నాకు ఛాతీ బిగుసుకుపోద్ది, హాల్లో కూర్చుని ఒక గంటలో పద్నాలుగు మెసేజ్‌లు పెట్టాను" అన్నారు. ఆ పద్నాలుగు మెసేజ్‌లు ఎవరి కోసం పెట్టారో ఒక్కసారి ఆలోచించండి, కోప్పడకుండా. ఆయన కోసమా? నాలుగో మెసేజ్‌కే మీకు తెలుసు ఆయన రిప్లై ఇవ్వరని. మిగతా పదీ ఆ ఛాతీలో బిగువు పోవడానికి పెట్టినవి. పెట్టిన క్షణం కాస్త ఊపిరి ఆడుద్ది, బ్లూ టిక్ పడి రిప్లై రాకపోతే మళ్లీ రెట్టింపవుద్ది. ఇప్పుడు తలుపు అవతల చూడండి, ఆయనకీ లోపల ఏదో ఉంటుంది, భయమో అవమానమో, మాట్లాడితే ఇంకా పెద్దదవుద్దనే బెదురో, అది తప్పించుకోవడానికి ఆయనకి దొరికిన దారి తలుపు వేసుకోవడం. మీరు తట్టేదీ, ఆయన గడియ వేసేదీ ఒకే కారణంతో. ఇద్దరూ ఎవరి లోపలిదాన్ని వాళ్లు వదిలించుకునే ప్రయత్నంలో ఉన్నారు, ఆ ప్రయత్నమే అవతలి మనిషికి పుండు మీద కారం అవుతోంది. నా దగ్గరికొచ్చే జంటల్లో పేర్లు మారతాయి, ఉద్యోగాలు మారతాయి, ఈ సీను మాత్రం మారదు.

ఇలా లోపలిదాన్నుంచి పారిపోవడమే అసలు చిక్కు అని కనిపెట్టింది పుస్తకాల్లోంచి కాదు, ఒకాయన సొంత అనుభవంలోంచి. స్టీవెన్ హేస్ అని అమెరికన్ సైకాలజిస్ట్. 1978లో ఒక డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ప్రొఫెసర్లు వాదులాడుకుంటుంటే ఈయన మాట్లాడదామని నోరు తెరిచాడు, మాట రాలేదు. ప్యానిక్ అటాక్. ఆ తర్వాత మీటింగ్‌లో తలుపు దగ్గర కూర్చోవడం, క్లాసులో తను చెప్పకుండా వీడియో వెయ్యడం, ఇలా తప్పించుకోవడానికి చేసిన ప్రతి పనీ దాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు. ఆ దెబ్బతో మొదలై, తర్వాత నెవాడా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి చేసిన పనిలోంచి వచ్చింది యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ. 1999లో కిర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్‌తో కలిసి దాని మీద మొదటి పెద్ద పుస్తకం రాశాడు. మేం పొడి అక్షరాలు విడివిడిగా పలకం, కలిపి "యాక్ట్" అంటాం, ఎందుకంటే ఇది కూర్చుని భరించే థెరపీ కాదు, చివరికి ఏదో ఒకటి చెయ్యాలి. పేరులో రెండో సగం ఉందే, కమిట్‌మెంట్, అది చెప్పకుండా మొదటి సగమే చెప్తే నిజంగానే మీ అమ్మగారి మాటలాగే ఉంటుంది.

ఇది ఎలా చేస్తారో ఒకటి రెండు చెప్తా, అన్నీ చెప్పను.

పల్లెవెలుగు బస్సు అనుకోండి, డ్రైవర్ మీరు. వెనకాల ప్యాసింజర్లు అరుస్తున్నారు, "నిన్ను ఎవడూ పట్టించుకోడు", "మీ ఆయనకి నువ్వంటే ఇష్టం లేదు", "నీ చెల్లెల్ని చూడు ఎంత బాగుందో". మీరేం చేస్తున్నారంటే బస్సు ఆపి, సీట్లోంచి లేచి వెనక్కెళ్లి వాళ్లతో వాదించి దింపెయ్యాలని చూస్తున్నారు. వాళ్లు దిగరు. బస్సు మాత్రం గన్నవరం దాటకుండా రోడ్డు పక్కన ఆగిపోయి ఉంది. లేదా వాళ్ల అరుపులు ఆగితే చాలని వాళ్లు చెప్పినవైపు తిప్పేస్తున్నారు. మూడో దారి ఏంటంటే వాళ్లని అరవనిచ్చి, స్టీరింగ్ మీరు పట్టుకుని మీరనుకున్న ఊరికి పోనివ్వడం. ఈ బస్సు పోలిక నేను పుట్టించింది కాదు, యాక్ట్‌లో అందరూ వాడేదే, పల్లెవెలుగూ గన్నవరమూ మాత్రం నావి.

ఇంకోటి ఉంది, మొదట్లో నాకే పిచ్చిగా అనిపించేది. "చింతపండు" అనండి. నోట్లో నీళ్లొస్తాయి కదా, అక్కడేం లేకపోయినా. ఇప్పుడు అదే మాట గట్టిగా, త్వరత్వరగా ఓ అర నిమిషం ఆపకుండా అంటూనే ఉండండి. కాసేపటికి పులుపు పోతుంది, అర్థమూ పోతుంది, నోట్లోంచి ఏదో చప్పుడొస్తున్నట్టుంటుంది అంతే. మాటకున్న పట్టు అలా సడలుతుంది. దీన్ని టిచెనర్ అనే సైకాలజిస్ట్ వందేళ్ల కిందటే గమనించాడు, యాక్ట్‌వాళ్లు తెచ్చి పనికి పెట్టారు. "నేను ఎవరికీ అక్కర్లేదు" అనేది కూడా మొదట మాటే. అది తప్పని వాదించక్కర్లేదు, "నేను ఎవరికీ అక్కర్లేదు అనే ఆలోచన మళ్లీ వచ్చింది" అని చివరో తోక తగిలించండి చాలు. తోక తగిలించగానే ఆలోచన పోదు. మీరు దాని లోపల ఉండడం పోయి, అది మీ ముందు ఉంటుంది. ఆ కాస్త ఎడంలో మనిషి పదిహేనో మెసేజ్ పెట్టకుండా ఆగగలడు.

ఇక రెండో సగం, మీరు ఏ ఊరికి పోవాలనుకుంటున్నారో అది. ఇంగ్లీషులో వాల్యూస్ అంటారు, తెలుగులో విలువలు అంటే నీతిశాస్త్రం క్లాసులా ఉంటుంది కాబట్టి నేను ఆ మాట వాడను. షష్టిపూర్తి గురించి అడుగుతా. మీ ఇద్దరి షష్టిపూర్తి జరుగుతోంది, మీ పాప పెద్దదై మైకు పట్టుకుంది, "మా అమ్మ..." అని మొదలెట్టింది, ఆ వాక్యం ఎలా పూర్తవ్వాలని ఉంది? "మా అమ్మ అన్నీ భరించింది" అని కొందరికి కావాలి, వాళ్లిష్టం. ఈమధ్య ఒకావిడ మాత్రం చాలాసేపు ఆలోచించి "మా అమ్మ ఉన్నదున్నట్టు మాట్లాడేది, అరవకుండా" అంది. అంతే, ఆవిడకి ఊరు దొరికింది. ఇక రోజూ బస్సు ఆవైపు ఉందా లేదా చూసుకోవడమే.

ఇప్పుడు అద్భుతం సంగతి. ఇది పూర్తిగా వేరే ఇంట్లోంచి వచ్చిన పద్ధతి. స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అని మొగుడూ పెళ్లాలే, ఆవిడ కొరియాలో పుట్టింది. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్లో 1978లో ఒక చిన్న ఫ్యామిలీ థెరపీ సెంటర్ పెట్టి, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనకాల కూర్చుని సెషన్లు చూస్తూ, ఏ ప్రశ్న అడిగితే మనుషులు కదులుతున్నారు, ఏది అడిగితే ఇంకా ఊబిలోకి దిగుతున్నారు అని రాసుకుంటూ పోయారు. వాళ్లకి తేలిందేంటంటే, సమస్య ఎందుకొచ్చిందో తవ్వే మాటలు వేరు, అది లేకపోతే బతుకెలా ఉంటుందో చెప్పించే మాటలు వేరు, రెండోదానికి మొదటిది తప్పనిసరి కాదు. మనకిది మింగుడుపడదు, మనం మూలం దగ్గరికే వెళ్తాం, "నీ మేనరికం చెయ్యనన్నాననే కదా మీ అమ్మకి నామీద కోపం" అంటూ పదేళ్లు వెనక్కి. కౌన్సెలర్ దగ్గరికి కూడా ఎవరిది తప్పో తీర్పు చెప్పించుకోడానికే వస్తారు. వీళ్ల పద్ధతి పేరు సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీ, అందులో తీర్పు ఉండదు. ఆ అద్భుతం ప్రశ్న కూడా వాళ్ల దగ్గరికొచ్చిన ఒకావిడ విసిగిపోయి "నాకు ఏదో అద్భుతం జరిగితే తప్ప బాగుపడేది లేదు" అంటే, సరే జరిగిందనుకో, ఏం మారుతుంది అని అడగడంతో మొదలైంది.

దాని ఉద్దేశం మీచేత పగటికలలు కనేలా చెయ్యడం కాదు. సరిగ్గా అడిగితే జవాబు చాలా చిన్నగా వస్తుంది, చిన్నగా రావడమే కావాల్సింది. "మా ఆయన మారిపోతాడు" అంటే అది జవాబు కాదు, నేను వదలను, మారిపోతే పొద్దున్నే మొట్టమొదట మీకు కనబడేదేంటి అంటా. "గుడ్ మార్నింగ్ అంటాడు." అంటే మీరేం చేస్తారు? "నేనూ అంటా... లేదు, ముందు కాస్త బిత్తరపోతా." నవ్వు. అది చూసి పాపేం చేస్తుంది? ఇలా. మీ కౌన్సెలర్ ఒకవేళ మొదటి ప్రశ్న అడిగేసి మీ మొదటి జవాబుకే ఆగిపోయి ఉంటే మాత్రం మీరు విసుక్కోవడంలో తప్పు లేదు, పని అంతా వెనకాల వచ్చే ఇరవై ప్రశ్నల్లోనే ఉంటుంది.

ఒక జంట గురించి చెప్తా, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపేశాను. ఆయనకి ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపు, ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచరు. కుర్చీలు కూడా దూరం జరుపుకుని కూర్చున్నారు. ఆయన్ని అడిగా, మీ కాపురానికి పదికి ఎన్ని మార్కులేస్తారు అని. "మూడు." ఆవిడ మూతి తిప్పుకుంది. నేను "మూడా, సున్నా ఎందుకు వెయ్యలేదు" అన్నా. ఇలాంటి ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు, అందరూ మిగతా ఏడు ఎందుకు పోయాయనే అడుగుతారు కదా. చాలాసేపు ఫ్యాను కేసి చూసి, "పొద్దున టీ ఇచ్చిద్దండి. ఎంత గొడవైనా టేబుల్ మీద ఠక్కున పెట్టదు, చేతికిచ్చిద్ది" అన్నాడు. ఆవిడ తల తిప్పి ఆయన్ని చూసి, "అది నువ్వు చూస్తావా?" అంది. అంతకుముందు నలభై నిమిషాల్లో వాళ్లిద్దరూ నాకు చెప్పారు తప్ప ఒకరితో ఒకరు ఒక్క మాట అనలేదు, అదే మొదటి మాట. తర్వాత మూడు కాస్తా నాలుగైతే ఏం కనబడుద్ది అని అడిగా, పది కాదు, నాలుగు. ఆయన "మధ్యాన్నం షాపు నుంచి చేస్తే ఫోనెత్తితే చాలు", ఆవిడ "నేను క్లాసులో ఉంటా, మూడున్నరకి చెయ్యి". అలా మూడున్నర ఫోను మొదలైంది. వాళ్ల కాపురం దాంతోనే బాగుపడిందని నేను చెప్పను, ఆ తర్వాత ఆర్నెల్లు వచ్చారు, మధ్యలో రెండుసార్లు విడిపోయేదాకా వెళ్లారు. కానీ పట్టుకోడానికి ఒక చోటు దొరికింది.

ఇదే పద్ధతిలో ఇంకో ముఖ్యమైన ప్రశ్న ఉంది, సమస్య రావాల్సిన చోట రాని రోజు ఏది? మీరు మూడు రోజుల మౌనం అని రాశారు, కింద కామెంట్లో ఎవరో అడిగితే "సంక్రాంతికి మాత్రం ఒక్క పూటలోనే మాట్లాడేశారు, ఎందుకో తెలీదు" అని రాశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో బంగారం అదే. ఎందుకో తెలీదు అని వదిలెయ్యకండి. ఆరోజు మీరు వెంటపడలేదా, ఊళ్లో మనుషులుండటం వల్లా, ముందు ఎవరు ఏమన్నారు, ఫోను చేతిలో ఉందా లేదా? ఆయన మంచివాడైపోయిన రోజు కాదు అది, మీ ఇద్దరి మధ్యా ఏదో వేరేగా జరిగిన రోజు. అదేంటో తెలిస్తే మళ్లీ జరిపించొచ్చు.

నా తప్పొకటి కూడా చెప్పాలి, ఈ ప్రశ్నలు ఎక్కడపడితే అక్కడ వేసేవి కాదని తెలియడానికి. ప్రాక్టీసు మొదలెట్టిన మూడో ఏడు, అప్పుడే ట్రైనింగ్ అయ్యొచ్చా, చేతిలో సుత్తి ఉన్నవాడికి అన్నీ మేకులే. బైక్ యాక్సిడెంట్లో కొడుకు పోయిన ఒక పెద్దాయన్ని భార్య బలవంతంగా తీసుకొచ్చింది, నిద్ర పట్టట్లేదని. పది నిమిషాలు కూడా వినలేదు నేను, అద్భుతం ప్రశ్న అడిగేశా. ఆయన నాకేసి చూసి, "మావాడొస్తాడమ్మా" అన్నాడు. అని లేచి చెప్పులేసుకున్నాడు. మళ్లీ రాలేదు. ఆయనకి ఆరోజు కావాల్సింది సమస్య లేని పొద్దుట కాదు, ఆ బాధ పక్కన ఎవరైనా కాసేపు కూర్చోవడం. ఇప్పుడైతే అలాంటివాళ్లని అడిగితే గిడితే "ఇంత జరిగాక కూడా పొద్దున్నే లేచి షాపు ఎలా తీస్తున్నారండీ" అని అడుగుతా, అదీ చాలాసేపు విన్నాకే. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లు కూడా అలాంటిచోట అద్భుతం గురించి కాదు, ఈ "ఎలా" ప్రశ్నే అడగమన్నారు, నేనే సరిగా వినలేదు.

అందుకే ఈ రెండూ ఒకదానికొకటి అవసరం అంటాను, నా అభిప్రాయంగానే తీసుకోండి, రెండువైపులా పట్టుదలగా ఉండేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఒట్టి పరిష్కారం మీదే పడితే బాధ వినబడలేదని మనిషి లేచి వెళ్లిపోతాడు. ఒట్టి చోటివ్వడమే చేస్తే మనిషి బాధతో హాయిగా కూర్చుని అలాగే ఉండిపోతాడు, ఇంట్లో ఏదీ మారదు. మీకైతే క్రమం ఇదీ: తొమ్మిదిన్నరకి ఛాతీ బిగిసినప్పుడు చోటివ్వడం, మర్నాడు పొద్దున కాస్త తెరిపిన పడ్డాక పరిష్కారం. బిగిసి ఉన్నప్పుడు పరిష్కారాలు ఆలోచిస్తే అవన్నీ ఆయన్ని మార్చే ప్లాన్లే అవుతాయి.

జంటలకి ఈ చోటివ్వడం అనే దాన్ని సూటిగా వాడిన ఇంకో పద్ధతుంది, ఆండ్రూ క్రిస్టెన్సెన్, నీల్ జేకబ్సన్ అనే ఇద్దరు తయారుచేశారు. అంతకుముందు జంటల థెరపీ అంటే నువ్వు అంట్లు తోము, నేను టైముకొస్తా అని ఒప్పందాలు రాయించడమే ఎక్కువ ఉండేది, అది కొందరిలో నిలబడలేదు. వీళ్లేమన్నారంటే కొన్ని తేడాలు పోవు, ఒకరు మాట్లాడితేనే కుదుటపడే మనిషి, ఒకరు ఒంటరిగా ఉంటేనే కుదుటపడే మనిషి, వాటిని పోగొట్టాలని చేసే యుద్ధమే అసలు గాయం. ఆ గొడవని మీ ఇద్దరి మధ్య కాకుండా మూడో కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరూ కలిసి దాన్ని చూడండి అంటారు. నా దగ్గర ఒక జంట వాళ్ల మౌనానికి "పవర్ కట్" అని పేరు పెట్టుకున్నారు. "ఇవాళ పవర్ కట్ అయ్యేలా ఉంది" అని ఆయనే ముందు చెప్పడం మొదలెట్టాడు, ఆవిడకి అదే సగం ఊరట, ఎందుకంటే చెప్పి వెళ్లడం వేరు, తలుపేసుకోవడం వేరు.

ఈ పద్ధతినీ పాత పద్ధతినీ పక్కపక్కన పెట్టి అమెరికాలో బాగా ముదిరిన గొడవలున్న 134 జంటల మీద చూశారు. అయిదేళ్ల తర్వాత రెండింటిలోనూ ఇంచుమించు సగం జంటలు చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఉన్నాయి, నాలుగో వంతుకి కాస్త పైగా విడిపోయారు. రెండు పద్ధతులకీ అప్పటికి పెద్ద తేడా మిగల్లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఎవరైనా కౌన్సెలర్ "గ్యారంటీగా కలిపేస్తా" అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి. యాక్ట్ ఒక్క డబ్బున్నవాళ్ల వ్యవహారమూ కాదు. దీని ఆధారంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో ఒక చిన్న ఉచిత పుస్తకం తెచ్చింది, ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ శరణార్థి ఆడవాళ్లకి గుంపులుగా కూర్చోబెట్టి ఆడియో వినిపించి నేర్పితే వాళ్ల మానసిక ఒత్తిడి తగ్గింది. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్నవాళ్లకి ఎవరూ "సర్దుకుపో" అని చెప్పలేరు కదా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మీరు రాసినదాంట్లో కొట్టడం, బెదిరించడం, జీతం లాగేసుకోవడం, పుట్టింటికి వెళ్లనివ్వకపోవడం లాంటివి లేవు కాబట్టి ఇదంతా రాశాను. ఇవి ఉన్న ఇంట్లో చోటివ్వడాలూ మార్కులెయ్యడాలూ పనికిరావు, ముందు మనిషి క్షేమంగా ఉండాలి. 2005 గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే కాదు, మాటలతో మనసుతో డబ్బుతో హింసించడం కూడా వస్తుంది. మహిళలకి 181, ప్రాణం మీదకొస్తే 112. మౌనం కూడా రెండు రకాలు, తట్టుకోలేక ముడుచుకుపోయే మౌనం ఒకటి, మీరు కాళ్లబేరానికొచ్చేదాకా శిక్షగా వాడే మౌనం ఇంకోటి. ఆయన మామూలైనప్పుడు సిగ్గుపడుతున్నారా, గెలిచినట్టు ఉంటున్నారా చూడండి, చాలావరకు తెలిసిపోద్ది. రెండోదైతే మీ కౌన్సెలర్‌కి ఆ మాట స్పష్టంగా చెప్పండి, దారి మారుతుంది.

అలాగే నిద్ర, తిండి వారాల తరబడి పోయినా, బతకాలని లేదనిపించినా ఇది ఒక్క కౌన్సెలింగ్‌తో ఈదేది కాదు, సైకియాట్రిస్ట్‌ని కలవాలి. మందులు వాడటం ఓటమి కాదు, కాలు విరిగితే కట్టు కట్టించుకున్నాకే కదా నడక ప్రాక్టీసు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ నంబర్ 14416, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలెట్టింది, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. కౌన్సెలర్ల సంగతికొస్తే బోర్డు ఎవరైనా పెట్టేస్తున్నారు, ఏం చదివారని అడగడానికి మొహమాటపడకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకుంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఉన్నవాళ్లు ఏమీ అనుకోరు.

ఆయన రానంటే నేనొక్కదాన్నే వెళ్లి లాభమేంటి అన్నారు చివర్లో. ఇద్దరూ వస్తే మంచిదే. రాకపోయినా, ఇద్దరాడే కోలాటంలో ఒకరు అడుగు మార్చితే రెండో కర్ర గాల్లో ఆగుతుంది, ఆయన ఏదో ఒకటి వేరేగా చెయ్యక తప్పదు. ఆ వేరే అనేది మీరనుకున్నదే అవుద్దని మాత్రం నేను మాటివ్వలేను.

మూడో సెషన్‌కి ఎప్పుడెళ్తారో తెలీదు గానీ ఈలోపు ఇలా చేసి చూడండి. ఈసారి తలుపు దగ్గరగా పడగానే ఫోను తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టెయ్యండి, ఇరవై నిమిషాలు. హాల్లోనే కూర్చుని, బిగువు ఛాతీలో ఎక్కడుంది, ఎంత మేర ఉంది, గొంతు దాకా వస్తోందా, చేత్తో చూపించగలిగినంత సరిగ్గా గమనించండి, తగ్గించడానికి కాదు, తగ్గకపోయినా ఫర్లేదు. ఇరవై నిమిషాలయ్యాక కావాలంటే ఒకే ఒక్క మెసేజ్, "నాకు బాధగా ఉంది, గొడవ పెట్టుకోను, రేపు రాత్రి పాప పడుకున్నాక పది నిమిషాలు మాట్లాడుకుందాం" లాంటిది, మీ మాటల్లో. ఆ మర్నాటి నుంచి వారం రోజులు, మీ కాపురంలో ఇలాగే ఉంటే బాగుండు అనిపించిన ప్రతి చిన్న విషయం ఒక నోట్‌బుక్‌లో రాయండి, చేతికిచ్చిన టీ లాంటివి, ఆయన చేసినవీ మీరు చేసినవీ కూడా. ఆ నోట్‌బుక్ పట్టుకుని సెషన్‌కి వెళ్లండి, వెళ్లి కూర్చోగానే ముందు మమ్మల్ని అడిగిన ఈ ప్రశ్నే ఆవిణ్ణి అడగండి, "మీరు నన్ను సర్దుకుపొమ్మంటున్నారా" అని. ఆవిడ నొచ్చుకోకుండా, తడుముకోకుండా, చోటివ్వమంది దేనికో విడమరిచి చెప్తే నాలుగో సెషన్‌కి కూడా డబ్బులు కట్టండి.